పాత ఎఫ్-150లో టెకోన్షా ప్రాడిజీ పి3: పెట్టె మంచిదే, పరీక్ష అంతా వైరింగ్‌కే

టెక్సస్ రవాణా చట్టం ప్రకారం, సరుకుతో కలిపి 4,500 పౌన్లు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాలి. 30 మైళ్లకు మించని వేగంతో లాగేవాటికి కొంత మినహాయింపు ఉంది. చాలా రాష్ట్రాల్లో ఈ హద్దు 3,000 పౌన్లే. మన ఊళ్లలో వడ్ల బస్తాలు వేసిన ట్రాక్టరు ట్రక్కుకు సొంత బ్రేకు లేకపోయినా నెమ్మదిగా నడిపి నెట్టుకొస్తారు గానీ, 65 మైళ్ల వేగంతో బండ్లు సాగే ఇంటర్‌స్టేట్ మీద వెనకనున్న బరువు ముందున్న బండిని తోసుకుపోతుంటే ఆపడం ఎవరి తరమూ కాదు. ఇక్కడ ఎకరాల్లో స్థలం కొనుక్కుని, గడ్డి మోపులకూ చిన్న ట్రాక్టరుకూ ఒక ట్రైలర్, దాన్ని లాగడానికి చవకలో దొరికిన పాత పికప్ సమకూర్చుకుంటున్న తెలుగువారు కనిపిస్తున్నారు. అలాంటి పాత బండిలో ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్‌ను, అంటే పెడల్ తొక్కగానే ట్రైలర్ బ్రేకులకు కరెంటు పంపే పెట్టెను, సరిగా బిగించడం ఎలాగో, అందుకు నేను ఎంచుకున్న టెకోన్షా ప్రాడిజీ పి3 ఎలా పనిచేస్తున్నదో ఈ సమీక్షలో వివరిస్తున్నాను.

నా బండి 1994 నాటి ఫోర్డ్ ఎఫ్-150. 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, రెండు పెట్రోలు ట్యాంకులు, వెనక బంపరు కింద దీపాల కోసం నాలుగు వైర్ల చదును ప్లగ్ మాత్రమే ఉన్న బండి అది. ఫోర్డ్ ఫ్యాక్టరీలోనే బ్రేక్ కంట్రోలర్ బిగించి ఇవ్వడం 2005 సూపర్ డ్యూటీతో మొదలైంది కాబట్టి, అంతకు ముందరి బండ్లలో ఈ సాధనాన్ని బయట కొని పెట్టుకోవలసిందే. ట్రైలర్‌కు 3,500 పౌన్లు మోసే ఇరుసులు రెండు, నాలుగు చక్రాలకూ 10 అంగుళాల విద్యుత్ బ్రేకులు ఉన్నాయి.

విద్యుత్ బ్రేకు పనితీరు తెలిస్తే మిగతాదంతా సులభంగా అర్థమవుతుంది. ప్రతి డ్రమ్ములోనూ ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. దానికి కరెంటు అందగానే అది తిరుగుతున్న డ్రమ్ము లోపలి ముఖానికి అతుక్కుని, ఆ తిరుగుడుతో పాటు కాస్త పక్కకు జరుగుతూ తనను పట్టి ఉంచిన మీటను లాగుతుంది; ఆ మీట బ్రేకు షూలను విప్పార్చి డ్రమ్ముకు నొక్కుతుంది. 10, 12 అంగుళాల బ్రేకుల్లో ఒక్కో అయస్కాంతం పూర్తి బలంతో పనిచేసేటప్పుడు సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగు చక్రాలకు 12 ఆంపియర్లు. పాత బండిలో వైరింగ్ వేసేటప్పుడు మొదటి నుంచి చివరి వరకూ మనసులో ఉంచుకోవలసిన అంకె ఇదే.

కంట్రోలర్లలో ప్రధానంగా రెండు జాతులున్నాయి. చవకగా దొరికేవి కాలాన్ని బట్టి నడుస్తాయి. పెడల్ మీద కాలు పడగానే ముందుగా నిర్ణయించిన వేగంతో కరెంటును పెంచుకుంటూ పోతాయే తప్ప, డ్రైవర్ మెల్లగా తాకాడా, ప్రాణభయంతో తొక్కాడా అన్నది వాటికి తెలియదు. అందువల్ల ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో ట్రైలర్ అనవసరంగా పట్టేస్తుంది, అసలు అవసరం వచ్చినప్పుడు ఆలస్యంగా అందుకుంటుంది. రెండో జాతికి చెందిన ప్రాడిజీ పి3 లోపల బండి ఎంత తీవ్రంగా వేగం తగ్గుతున్నదో పసిగట్టే సెన్సర్ ఉంది, అది ఆ తీవ్రతకు తగినంత కరెంటునే వెనక్కి పంపుతుంది. ధర ఎక్కువే అయినా, బరువు లాగే పనిలో ఈ తేడాకు డబ్బు పెట్టడం సమంజసమని నా దృఢమైన అభిప్రాయం.

అయితే పాత బండి యజమానులు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ కంట్రోలర్ బండి వేగం తగ్గడాన్ని కొలిచి పనిచేస్తుంది కనుక, బండి బ్రేకులే అరిగిపోయి నీరసంగా ఉంటే, వేగం నెమ్మదిగా తగ్గుతోందని భావించి ట్రైలర్‌కు కూడా తక్కువ కరెంటే పంపుతుంది. అంటే బలహీనత రెండింతలవుతుంది. కాబట్టి దీన్ని కొనే ముందు బండి వెనక షూలు, ముందు ప్యాడ్లు, బ్రేకు ద్రవం సరిచూసుకోవడం మొదటి పని. 1994 నుంచి 2002 వరకు వచ్చిన ఎఫ్-150లలో క్రూజ్ కంట్రోల్ ఉన్నవాటి విషయంలో మరో జాగ్రత్త అవసరం. మాస్టర్ సిలిండర్ దగ్గర ఉండే క్రూజ్ స్విచ్ వేడెక్కి మంటలు రేగే ప్రమాదం ఉందని 2005లో ఫోర్డ్ వాటిని రీకాల్ చేసింది. ఎలాగూ అక్కడ పని చేస్తున్నాం గనుక, ఆ మరమ్మతు జరిగిందో లేదో బండి నంబరుతో చూసుకుని మరీ మొదలుపెట్టడం మేలు.

పి3 నుంచి బయటికి వచ్చేవి నాలుగే వైర్లు: నలుపు, తెలుపు, ఎరుపు, నీలం. ఫ్యాక్టరీ టోయింగ్ ప్యాకేజీ ఉన్న బండికి డ్యాష్‌బోర్డు కింద సిద్ధంగా ఒక సాకెట్ ఉంటుంది, దానికి సరిపోయే వైర్ల కట్ట (హార్నెస్) కొని తగిలిస్తే పని అయిపోతుంది. అది లేని నా బండి లాంటివాటిలో నాలుగు వైర్లనూ మనమే గమ్యానికి చేర్చాలి.

నలుపు వైరు బ్యాటరీ ధన ధ్రువానికి వెళ్లాలి. డ్యాష్‌బోర్డు కింద కరెంటు కనిపించిన ఏదో ఒక వైరుకు దీన్ని అతికించడం పాత బండ్లలో తరచుగా కనిపించే అలవాటు. 30 ఏళ్ల నాటి వైరింగ్ తన పని తాను చేసుకోవడానికే కష్టపడుతుంటే దాని మీద ఇంకో 12 ఆంపియర్లు మోపడం క్షేమం కాదు. ఈ మోడల్‌లో బ్యాటరీ కుడి వైపున, కంట్రోలర్ ఎడమ వైపున ఉంటాయి కాబట్టి, రేడియేటర్ పై పట్టీ వెంబడి వైరును తీసుకొచ్చి, ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఇనుప గోడలో రబ్బరు గ్రొమెట్ ఉన్న రంధ్రం గుండా లోపలికి పంపాను. బ్యాటరీకి దగ్గరలోనే, తనంత తాను తిరిగి కలుసుకునే సర్క్యూట్ బ్రేకర్ పెట్టాలి. ఒకటి, రెండు ఇరుసులకు 20 ఆంపియర్లది, మూడు, నాలుగు ఇరుసులకు 30 ఆంపియర్లది. ఫ్యూజు వద్దు. ఫ్యూజు ఒకసారి కాలిందంటే మిగిలిన ప్రయాణమంతా ట్రైలర్‌కు బ్రేకు ఉండదు, బ్రేకర్ అయితే చల్లబడగానే మళ్లీ పట్టుకుంటుంది. ఆ బ్రేకర్‌కున్న రెండు బోల్టుల్లో రాగి రంగుది బ్యాటరీ వైపు, వెండి రంగుది కంట్రోలర్ వైపు ఉండాలి.

తెలుపు వైరు గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. దాన్నీ నేరుగా బ్యాటరీ ఋణ ధ్రువానికే చేర్చాలి. తుప్పు పట్టిన డ్యాష్‌బోర్డు స్క్రూకు ఎర్త్ ఇచ్చిన బండ్లలో కంట్రోలర్ ఒక రోజు పనిచేసి, మరో రోజు మొరాయిస్తుంది.

ఎరుపు వైరు దగ్గర నిదానించాలి. కంట్రోలర్‌కు పెడల్ తొక్కిన కబురు అందేది ఈ వైరు ద్వారానే. ఈ తరం ఫోర్డ్ పికప్‌లలో బ్రేకు దీపాల స్విచ్ పెడల్ కాడ మీదే, మాస్టర్ సిలిండర్‌ను తోసే కడ్డీ తగిలే పిన్ను దగ్గర కూర్చుని ఉంటుంది. దానికి వచ్చే వైర్లలో లేత ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఉన్నది ఎప్పుడూ కరెంటు ఉండేది, గీత లేని లేత ఆకుపచ్చది పెడల్ తొక్కినప్పుడే కరెంటు వచ్చేది. మన ఎరుపు వైరు ఈ రెండో దానికి కలవాలి. అయినా రంగును నమ్మి వైరు కోయకూడదు, ఇన్ని చేతులు మారిన బండిలో ఎవరు ఏ వైరును మార్చారో ఎవరికీ తెలియదు. టెస్ట్ ల్యాంప్ పట్టుకుని, పెడల్ వదిలినప్పుడు ఆరి, తొక్కినప్పుడు వెలిగేదే మనకు కావలసిన వైరని నిర్ధారించుకోవాలి. నా బండిలో అంతకు ముందు యజమాని ఎవరో వైరును కోయకుండా దాని మీదే నొక్కి బిగించే నీలి రంగు కనెక్టర్లతో దీపాల కోసం తీసుకున్న అదనపు వైర్లు రెండు ఉన్నాయి. వాటిలో ఒకదాని రాగి పోగులు సగానికి పైగా తెగి, మిగిలినవి పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వాటిని తొలగించి, ఇన్సులేషన్ ఒలిచి, క్రింప్ చేసి, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం తొడిగాను.

శ్రమ తగ్గుతుందని ఈ కబురును వెనక దీపం వైరు నుంచి తీసుకోవద్దు. ఈ బండ్లలో బ్రేకుకూ ఇండికేటర్‌కూ ఒకే ఫిలమెంటు వాడతారు కాబట్టి, ఎడమకు తిరగడానికి ఇండికేటర్ వేసినప్పుడల్లా కంట్రోలర్‌కు బ్రేకు తొక్కినట్టే కబురు అందుతుంది. స్విచ్ దగ్గరే తీసుకున్నా, కొన్ని పాత బండ్లలో నాలుగు ఇండికేటర్లూ కలిపి వెలిగించినప్పుడు కరెంటు వెనక్కి పారి ట్రైలర్ బ్రేకులు లయబద్ధంగా పట్టి వదులుతుంటాయి. పని పూర్తయ్యాక హజార్డ్ దీపాలు వేసి, పెడల్ తొక్కుతూ, తొక్కకుండా డిస్‌ప్లేను చూస్తే ఈ సంగతి తేలిపోతుంది. అలా జరిగితే దాన్ని ఆపడానికి ప్రత్యేకంగా పల్స్ ప్రివెంటర్ అనే చిన్న పరికరం దొరుకుతుంది.

నీలం వైరు అయస్కాంతాలకు కరెంటు మోసేది, అందరూ పొదుపు చేయాలని చూసేదీ అదే. డ్యాష్‌బోర్డు నుంచి వెనక బంపరు వరకు 25 అడుగులు ఉంటుందనుకుందాం. 12 ఆంపియర్లు పారేటప్పుడు 16 గేజి రాగి వైరులో (గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుంది) దారిలోనే సుమారు 1.2 వోల్టులు కరిగిపోతాయి. 12 గేజి వైరులో అర వోల్టుకు లోపే పోతుంది, 10 గేజిలో 0.3 వోల్టు. 12 వోల్టుల్లో 1.2 వోల్టులంటే పదోవంతు. తిరుగు దారిలో ట్రైలర్ ఎర్త్ వైరు కూడా అంతే సన్నగా ఉంటే అక్కడ మరో పదోవంతు. ఎంత ఖరీదైన కంట్రోలర్ కొన్నా ఆ పోయిన బలాన్ని తిరిగి తేలేదు. అందుకే 12 గేజి కంటే సన్నని వైరును ఈ పనికి వాడకూడదని, దూరం ఎక్కువైతే 10 గేజికి వెళ్లాలని గట్టిగా చెబుతున్నాను. నా బండిలో మధ్య ట్యాంకు ఎడమ చాసిస్ పట్టా పక్కన ఉంటుంది, సైలెన్సర్ గొట్టం కుడి వైపున పోతుంది. వేడి కంటే ట్యాంకు పక్కన జాగ్రత్తగా పోవడమే నయమని, ముడతల ప్లాస్టిక్ గొట్టంలో వైరును ఉంచి, ఎడమ పట్టా వెలుపలి వైపున రబ్బరు ఉన్న క్లాంపులతో బిగించాను. ఇంధనపు గొట్టాలకు వైరును కట్టడం ఎట్టి పరిస్థితిలోనూ తగదు.

వెనక, నాలుగు వైర్ల ప్లగ్‌కు బదులు పెట్టుకోవలసిన ఏడు పిన్నుల సాకెట్ దగ్గర రంగుల గందరగోళం ఉంది. బండి తయారీదారులు, ట్రైలర్ తయారీదారులు, ఆర్‌వీ (ఇంటి వసతులున్న ప్రయాణ బండ్ల) పరిశ్రమ వాడే రంగుల పద్ధతులు ఒకదానితో ఒకటి కలవవు. ఒక పద్ధతిలో ఆకుపచ్చ కుడి ఇండికేటర్ అయితే, మరో పద్ధతిలో అదే వెనక దీపాలకు. కాబట్టి రంగుకు రంగు కలపకుండా, సాకెట్ వెనక ముద్రించిన పిన్ను పేరును చూసి కలపాలి. ఇక్కడ ఎర్త్ పిన్నుకు కూడా లావు వైరే ఇవ్వాలి. ట్రైలర్‌ను బండికి తగిలించే హిచ్ బంతి ద్వారా ఎర్త్ అందుతుందిలే అనుకునేవారున్నారు. గ్రీజు, రంగు, తుప్పు మధ్య నుంచి 12 ఆంపియర్లు నిలకడగా పారవు. ట్రైలర్ మీది చిన్న బ్యాటరీని ఛార్జ్ చేసే 12 వోల్టుల పిన్నును పాత బండిలో నేరుగా బ్యాటరీకి కలిపితే, ట్రైలర్ తగిలించి రాత్రంతా వదిలేసినప్పుడు బండి బ్యాటరీ కూడా ఖాళీ అవుతుంది. తాళం తిప్పినప్పుడే కలిసేలా ఒక రిలే పెట్టడం చిన్న ఖర్చు, పెద్ద నిశ్చింత.

ఇక పెట్టె సంగతి. పి3 ఒకటి నుంచి నాలుగు ఇరుసుల వరకు, అంటే ఎనిమిది బ్రేకుల వరకు నడపగలదు. విద్యుత్తుతో నడిచే హైడ్రాలిక్ బ్రేకులకు వేరే సెట్టింగ్ ఉంది. బండి ప్రయాణించే దిశకు సమాంతరంగా ఉంటే చాలు, పైకీ కిందికీ ఎంత వంపులో బిగించినా తన మట్టాన్ని తానే సరిచేసుకుంటుంది. వాలు డ్యాష్‌బోర్డు ఉన్న పాత పికప్‌లలో ఇది ఎంతో సౌకర్యం. పెట్టె కొంచెం పెద్దదే, మోకాలికి తగలని చోటు వెతుక్కోవాలి. ఎఫ్-150లో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 1994లోనే వచ్చింది కాబట్టి, దాని దారికి అడ్డం రాకుండా స్టీరింగ్ కుడి వైపు డ్యాష్‌బోర్డు కింది అంచున బిగించాను. రంధ్రం వేసే ముందు వెనక ఏమున్నదో చేత్తో తడిమి చూసుకోవాలి. ట్రైలర్ లేని రోజుల్లో పెట్టెను క్లిప్ నుంచి ఊడదీసి గ్లవ్ బాక్స్‌లో దాచుకోవచ్చు.

నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది దాని డిస్‌ప్లే. ట్రైలర్ తగిలిందా లేదా, ఎంత బలం పెట్టుకున్నాం, ఇప్పుడు వెనక్కి ఎంత వెళుతున్నది అనే సంగతులు అక్షరాల్లో చూపుతుంది. లోపాన్ని వెతికే మెనూలో బ్యాటరీ వోల్టేజీ, బ్రేకు స్విచ్ నుంచి వచ్చే వోల్టేజీ కనిపిస్తాయి. కొత్త బండిలో ఇవి అలంకారమే కావచ్చు. వైరింగ్ మీద నమ్మకం లేని పాత బండిలో మాత్రం ఇవి డాక్టరు చెవిలో స్టెతస్కోపుతో సమానం. మొదట్లో గతుకుల రోడ్డు మీద ట్రైలర్ తగిలి లేదంటూ క్షణకాలం హెచ్చరిక వచ్చి పోతుండేది. వెతికితే, నేను కొన్న రెడీమేడ్ సాకెట్‌లో నీలం వైరు క్రింప్ ఫ్యాక్టరీలోనే వదులుగా వేసి ఉంది. డిస్‌ప్లే చెప్పకపోతే ఆ లోపం అసలు అవసరం వచ్చిన నాడే బయటపడేది.

ట్రైలర్ వైపు అనుమానం వస్తే, ప్లగ్‌లో బ్రేకు పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య మల్టీమీటర్‌తో నిరోధం చూడవచ్చు. 10, 12 అంగుళాల బ్రేకుల అయస్కాంతం ఒక్కోటి సుమారు 3.2 ఓమ్‌లు కాబట్టి, నాలుగూ కలిస్తే 0.8 ఓమ్ రావాలి. ఒకటి తెగిపోతే 1.07కు పెరుగుతుంది. అంత చిన్న తేడాను మామూలు మీటర్లు నమ్మకంగా చూపవు గనుక, నీలం వైరులో అమ్మీటర్ పెట్టి పూర్తి బలం వద్ద 12 ఆంపియర్లకు దగ్గరగా వస్తున్నదా అని చూడటమే నిక్కమైన పద్ధతి. 9 వద్దే ఆగితే ఒక చక్రానికి కరెంటు అందడం లేదన్నమాట.

సెట్టింగ్ సులభం. సరుకు వేసిన ట్రైలర్‌తో, ఖాళీగా ఉన్న చదునైన పొడి రోడ్డు మీద, 25 మైళ్ల వేగంలో, పెట్టె మీద ఉండే, ట్రైలర్ బ్రేకులను మాత్రమే వేసే చేతి మీటను పూర్తిగా జరిపి, ట్రైలర్ చక్రాలు బిగుసుకుపోయి ఈడ్చుకుపోయే స్థాయికి కాస్త తక్కువలో బలాన్ని నిలపాలి. సరుకు దించాక ఆ బలం ఎక్కువవుతుంది కాబట్టి మళ్లీ తగ్గించాలి. సెట్టింగులు ఐదు వరకు దాచుకోవచ్చు గనుక ఇది మీట తిప్పినంత పని. బూస్ట్ మూడు మెట్లలో ఉంది. పెడల్ తాకిన వెంటనే ట్రైలర్ కొంచెం ముందుగా అందుకునేలా అది చేస్తుంది. ట్రైలర్ బరువు పికప్ బరువుకు దగ్గరగా వచ్చినప్పుడు మొదటి మెట్టు పెడితే, వెనక నుంచి నెట్టుతున్న భావన పోయింది. ఖాళీ ట్రైలర్‌కు బూస్ట్ అవసరం లేదు. చేతి మీటను జరిపినప్పుడు వెనక బ్రేకు దీపాలు వెలుగుతున్నాయో లేదో మరొకరిని నిలబెట్టి చూసుకోవాలి. వెనక ట్రైలర్ అటూ ఇటూ ఊగిసలాడుతున్నప్పుడు పెడల్ ముట్టకుండా మీటతో ట్రైలర్‌నే మెల్లగా పట్టి నిలకడకు తెచ్చుకోవడం దాని అసలు ప్రయోజనం.

వైరింగ్ జోలికి పోలేనివారికి కర్ట్ ఎకో వంటి, ఏడు పిన్నుల సాకెట్‌లోనే తగిలి ఫోనుతో నడిచే కంట్రోలర్లు ఉన్నాయి. బండికి ఆ సాకెట్, అందులో 12 వోల్టుల కరెంటు ముందే ఉంటే అవి చక్కని మార్గం. నాలుగు వైర్ల ప్లగ్ మాత్రమే ఉన్న బండికి ఎలాగూ బ్యాటరీ నుంచి వెనక వరకు లావు వైరు లాగాల్సిందే కాబట్టి, సగం పని చేసి మీటను ఫోనుకు అప్పగించడం కంటే చేతికి అందే చోట పి3 పెట్టుకోవడమే నాకు నచ్చింది.

కంట్రోలర్ ఎంత బాగున్నా, హిచ్ ఊడి ట్రైలర్ విడిపోతే దాన్ని ఆపేది ట్రైలర్ మీది చిన్న బ్యాటరీ, బండికి కొక్కెం వేసిన బ్రేక్‌అవే స్విచ్ మాత్రమే. దాన్ని పరీక్షించే ముందు ఏడు పిన్నుల ప్లగ్‌ను బండి నుంచి తప్పక ఊడదీయాలి, లేకపోతే ఆ కరెంటు వెనక్కి పారి కంట్రోలర్ పాడయ్యే ప్రమాదం ఉంది. ప్లగ్ తీసి, స్విచ్ పిన్ను లాగి, బండిని అంగుళాల్లో ముందుకు కదిపితే ట్రైలర్ చక్రాలు తిరగకుండా ఈడ్చుకు రావాలి. పిన్నును వెంటనే తిరిగి పెట్టి, బ్యాటరీని ఛార్జ్ చేసి, సాకెట్ పిన్నులకు డైఎలక్ట్రిక్ గ్రీజు పూసి ప్లగ్ తగిలించాక, డిస్‌ప్లేలో ట్రైలర్ కనిపించిందని చూసుకునే రోడ్డెక్కాలి.